మూసను చిన్నచూపు చూడకండి

మూస కథ, మూస పాట, మూస సినిమా. మన విమర్శకుల అంబులపొదిలో ఇంత సులువుగా చేతికందే బాణం ఇంకొకటి లేదు. ఒక రచనను తీసిపారేయాలంటే ‘మూసగా ఉంది’ అంటే చాలు, కారణం చెప్పే శ్రమ కూడా తప్పుతుంది. ఈ వాడుక వినివిని ఆ మాటకున్న అసలు అర్థం మరుగున పడిపోయింది.

సంస్కృతంలో మూష అంటే లోహాన్ని కరిగించే పాత్ర. అది తెలుగులో మూస అయి, కరిగించే పాత్రకూ పోత పోసే అచ్చుకూ కూడా పేరయింది. కంచరి పనికి మూసే మొదలు. విశాఖపట్నంలో నేనుండే చోటు కంచరపాలెం. ఊరి పేరులోనే కంచర అన్న మాట ఉన్నందుకేమో, మూసను తిట్టుగా వింటే నాకు ఊరకుండబుద్ధి కాదు. తెలుగు వికీపీడియాలో చేయి తిరిగిన మిత్రులకు మరొక సంగతి గుర్తుండే ఉంటుంది. ఆంగ్లంలో టెంప్లేటు అనేదానికి అక్కడ మనవారు పెట్టుకొన్న పేరు మూసయే. ఎంత సరిగ్గా కుదిరిన పేరో!

ఈ టపాలో నేను చెప్పదలచినది ఒక్కటే. ఈనాడు తెలుగు అక్షరం యోగక్షేమాలు కవుల చేతిలోనూ పత్రికల చేతిలోనూ మాత్రమే లేవు. క్లౌడు కంప్యూటర్ల మీద పని చేసే ఇంజనీర్లు వ్రాసే కంటెయినరు మూసలలో కూడా ఉన్నాయి. ఆ మూసలో తెలుగుకు ఒక్క పంక్తి చోటు దొరకకపోతే, దాని నుంచి పుట్టే ప్రతి పాత్రలోనూ తెలుగు లేనట్లే. ఇది సాంకేతికుల గొడవ, మనకెందుకని సాహిత్యం వాళ్ళం చేతులు కట్టుకొని కూర్చోవడం నాకు సమ్మతం కాదు.

మూసను తక్కువ చేసే సాహితీపరులను ముందుగా ఒక మాట అడుగుతాను. ఛందస్సు మూస కాదా? ఉత్పలమాల అంటే భ, ర, న, భ, భ, ర, వ అనే గణాల వరుస. పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం. ఈ మూస తిక్కనకూ ఒకటే, పోతనకూ ఒకటే, నిన్నగాక మొన్న పద్యం కట్టడం నేర్చిన కుర్రవాడికీ ఒకటే. మూస ఒకటైనంత మాత్రాన ముగ్గురి పద్యమూ ఒకటి కాలేదు కదా. ఇందులో మరొక చమత్కారం కూడా ఉంది. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును తీసి ఆ చోట రెండు లఘువులు పెట్టండి. అది చంపకమాల అవుతుంది. అక్షరాలు 21 అవుతాయి, యతి పదకొండవ చోటికి జరుగుతుంది, తక్కినదంతా యథాతథం. శార్దూలానికీ మత్తేభానికీ ఉన్న చుట్టరికం కూడా ఇదే. ఒక మూసను ఆధారంగా తీసికొని, ఒక్క చోట మార్చి, దాని మీద రెండవ మూసను కట్టే విద్య పద్యం చదివినవారికి కొత్తది కాదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.

ఇక కంటెయినరు. ఆ మాట అనగానే మా విశాఖవాసులకు కంప్యూటరు స్ఫురించదు, ఓడరేవు స్ఫురిస్తుంది. 1933లో మొదలైన మా రేవులో 2003 నుంచి కంటెయినర్ల కోసమే ఒక టెర్మినల్ నడుస్తున్నది. రంగురంగుల ఇనుప పెట్టెలను మోసే పొడవాటి లారీలు ఇక్కడి పసిపిల్లలకు కూడా పరిచయమే. ఆ పెట్టెలో గడ్డకట్టించిన రొయ్యలున్నాయా, యంత్రభాగాలున్నాయా అన్నది ఎత్తే క్రేనుకు అక్కరలేదు. పెట్టె కొలతా, నాలుగు మూలలలోని పట్టు అమరికా ఒక్కటైతే చాలు. ప్రపంచంలో ఏ రేవుకు వెళ్ళినా అదే క్రేను, అదే పట్టు.

ఈ ఏకత్వం ఏమంత పాతది కాదు. అంతకు ముందు గోనెలు, పీపాలు, మూటలు, కట్టెపెట్టెలు దేనికదే వేరుగా ఎత్తి దించవలసి వచ్చేది. ఓడ రేవులో రోజుల తరబడి నిలిచిపోయేది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ మీద 58 పెట్టెలను న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. 1960ల చివరికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పెట్టెల కొలతలను ఖాయం చేసింది. పెట్టె కంటె ఆ ఒప్పందమే గొప్పదని నేననుకొంటాను.

ఆ ఒప్పందపు విలువ తొలినాళ్ళ తెలుగు బ్లాగరులకు వేరే చెప్పనక్కరలేదు. ఒక్కొక్క దినపత్రికకు ఒక్కొక్క ఖతి, ఒక్కొక్క సంకేతాల వరుస ఉన్న కాలం మనం చూశాము. ఒక పత్రిక వార్తను ఇంకొక చోట అతికిస్తే పిచ్చిగీతలు వచ్చేవి. దాన్ని చదవడానికి ‘పద్మ’ వంటి మార్పిడి పనిముట్లు కావలసి వచ్చాయి. యూనికోడు వచ్చి అందరి పెట్టెలకూ ఒకే కొలత పెట్టింది. మన బ్లాగులు పుట్టింది ఆ ఒప్పందం పుణ్యాన.

కంప్యూటరు ప్రోగ్రాములకు అటువంటి పెట్టె 2013 మార్చిలో ప్రాచుర్యంలోకి వచ్చింది. సాలమన్ హైక్స్ అనే ఆయన ‘డాకర్’ను లోకానికి చూపించిన నెల అది. డాకర్ అంటే ఓడరేవులో సరుకు ఎత్తి దించే కలాసీ అని అర్థం. మా ఊరివాళ్ళకు ఇంతకంటె దగ్గరి పేరు ఏముంటుంది? ప్రోగ్రాము ఒక్కటే ఉంటే పని జరగదు. దానికి తోడు భాషాయంత్రం, గ్రంథాలయాలు, అమరికలు ఎన్నో కావాలి. పూర్వం వాటన్నిటినీ ప్రతి యంత్రం మీదా చేత్తో అమర్చేవారు. ఒక చోట ఆడినది ఇంకొక చోట ఆడేది కాదు. ఇప్పుడు ప్రోగ్రామునూ దానికి కావలసిన సామగ్రినంతటినీ ఒకే పెట్టెలో సర్ది పంపిస్తారు. అమెజాన్ క్లౌడైనా, మైక్రోసాఫ్ట్ క్లౌడైనా, గూగుల్ క్లౌడైనా అదే పెట్టె, అదే పట్టు. ఇక్కడ కూడా 2015లో అందరూ కలిసి పెట్టె కొలతలకు ఉమ్మడి ప్రమాణం పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆ పెట్టెను ఎట్లా సర్దాలో వ్రాసిన చిన్న పాఠ్యపత్రాన్ని డాకర్‌ఫైలు అంటారు. దాన్నే నేను మూస అంటున్నాను. దాని మొదటి పంక్తి ‘ఫలానా మూసను ఆధారంగా తీసికొంటున్నాను’ అని చెబుతుంది. తరువాతి పంక్తులు ఏమేమి చేర్చాలో, ఏయే దస్త్రాలను లోపలికి తేవాలో, చివరకు ఏ ప్రోగ్రామును నడపాలో చెబుతాయి. లోపలి దస్త్రాలను మార్చే ఒక్కొక్క పంక్తీ ఒక్కొక్క పొరగా ఏర్పడుతుంది. ఉత్పలమాల మీద చంపకమాలను కట్టినట్లు ఇంకొకరి మూస మీద మన మూసను కట్టుకోవడమే ఇదంతా.

పెట్టెలు వందలూ వేలూ అయినప్పుడు వాటిని నడిపే వ్యవస్థ 2014లో గూగుల్ బయటపెట్టిన ‘కుబెర్నెటీస్’. ఆ గ్రీకు మాటకు చుక్కాని పట్టేవాడు, మన కర్ణధారుడు అని అర్థం. దానికి అనుబంధంగా ‘హెల్మ్’ అనే పనిముట్టు ఉంది. ఆ పేరుకు చుక్కాని అని అర్థం. ఈ హెల్మ్ మూసలను మా మేనల్లుడు చూపించినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఒక పత్రంలో అక్కడక్కడా ఖాళీలు వదిలిపెడతారు. ఆ ఖాళీలలో ఏమి నింపాలో వేరొక పత్రంలో వ్రాస్తారు. ‘ఈ క్రింది ఖాళీలను పూరింపుము’ అని నేను ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద వ్రాసిన ప్రశ్నే అది. ఖాళీలో ఏది నింపినా అది పత్రం వదిలిన చోటే కూర్చోవాలి. పత్రంలో తెలుగుకు ఖాళీయే లేకపోతే పూరించేవాడు ఎంత తెలుగు అభిమాని అయినా చేయగలిగింది లేదు.

ఇక్కడికి అసలు విషయం వచ్చింది. ‘మీ బ్లాగు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నది’ అన్న వ్యాఖ్య మనలో ఎవరికి రాలేదు? విండోస్ ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల తోడ్పాటును వెతికి తెరుచుకోవలసిన రోజులవి. ఆ రోజులు పోయాయని సంతోషించాము. కాని డబ్బాలు పూర్తిగా పోలేదు. మన కంటికెదురుగా ఉన్న తెరను వదిలి, కంటికి కనబడని సర్వరులో మకాం పెట్టాయి.

నేనెరిగిన ఒక పద్యపఠనం పోటీ సంగతి చెబుతాను. నిర్వాహకులు పిల్లల పేర్లను అంతర్జాలంలో నమోదు చేయించారు. తల్లిదండ్రులు ఫోనులో తెలుగులో పేరు కొట్టారు, తెర మీద చక్కగా కనబడింది. పోటీ అయిన తరువాత ప్రశంసాపత్రాలు పీడీఎఫ్‌గా వచ్చాయి. పద్యాలు అప్పజెప్పిన పిల్లల పేరున్న చోట ఖాళీ డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. ఒక పాప తన పత్రాన్ని పట్టుకొని ‘ఇందులో నా పేరు ఎక్కడుంది?’ అని అడిగితే పెద్దలెవరికీ జవాబు తోచలేదు.

కారణం విచారిస్తే ఇది తేలింది. పేర్లు యూనికోడులో భద్రంగానే నిలవ అయ్యాయి. ఫోను తెర మీద బాగా కనబడడానికి కారణం ఫోనులో తెలుగు ఖతి ఉండడం. ప్రశంసాపత్రాన్ని గీసే పని మాత్రం క్లౌడులోని కంటెయినరుది. దాని మూసలో తెలుగు ఖతి లేదు. యూనికోడు అక్షరానికి గుర్తింపునిస్తుందే తప్ప రూపాన్ని ఇవ్వదు, రూపం ఇవ్వవలసింది ఖతి. మరి ఆ ప్రోగ్రాము వ్రాసినవారు పరీక్షించి చూడలేదా? చూశారు. వారి సొంత కంప్యూటరులో తెలుగు ఖతులు ముందే ఉన్నాయి కాబట్టి అక్కడ బాగానే వచ్చింది. లోపం వారి కంటబడే అవకాశమే లేదు. ఆ తరువాత ఒక పంక్తి చేర్చి ఖతిని పెట్టారు. అప్పుడు డబ్బాలు పోయి, ‘లక్ష్మి’ అన్న పేరు పొల్లులతో ముక్కలు ముక్కలుగా విడిపోయి వచ్చింది. ఒత్తులను సరిగా కూర్చే ‘హార్ఫ్‌బజ్’ వంటి అక్షరశిల్పి లేని పనిముట్టుతో పత్రం గీయడం వల్ల వచ్చిన తిప్పలది. దాన్ని కూడా మార్చిన తరువాత గాని పేరు పేరుగా రాలేదు.

చిన్న పొరపాటే కదా అనవచ్చు. మూసలో పొరపాటుకు ఉన్న ప్రత్యేకత చూడండి. తాళపత్రాల కాలంలో లేఖకుడు తప్పు వ్రాస్తే అది ఆ ప్రతిలో ఉండేది, దాన్ని చూసి వ్రాసిన ప్రతులలో ఉండేది. వేరొక ఊళ్ళో వేరొక లేఖకుడు వ్రాసిన ప్రతిలో సరైన పాఠం దొరికేది. బ్రౌను దొర వేమన పద్యాల ప్రతులు అన్నన్ని సేకరించి సరిపోల్చింది అందుకే. పాఠాంతరాలు ఒకదాని తప్పును ఒకటి పట్టిస్తాయి. మూసలో పోసిన పాత్రలకు పాఠాంతరం ఉండదు. వేయి పాత్రలూ ఒకే తప్పులో ఏకీభవిస్తాయి, సాక్ష్యం చెప్పే వేరొక ప్రతి మిగలదు. పైగా ఆ మూస మీద ఇంకొకరు తమ మూసను కడతారు, దాని మీద వేరొకరు. అట్టడుగు పొరలో తెలుగు లేని సంగతి పైపొరల వారెవరికీ తెలియదు. కాబట్టే పాత్రలను ఒక్కొక్కటిగా బాగుచేయడం కంటె మూస దగ్గర పట్టుబట్టడం మేలంటాను.

ఇంజనీర్ల వైపు నుంచి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మూస సన్నగా ఉండాలి. లోపల సామాను ఎంత తక్కువ ఉంటే అంత త్వరగా కదులుతుంది, దొంగలు దూరే కన్నాలూ అంత తగ్గుతాయి. ‘ఆల్పైన్’ అనే పేరుపొందిన మూల మూస పది మెగాబైట్లకు లోపే. అటువంటి చోట ప్రపంచంలోని భాషలన్నిటి ఖతులనూ కుక్కమంటే ఎట్లా? నిజమే. నేనూ అన్నిటినీ కుక్కమనను. అక్షరాలు గీసే పని లేని పెట్టెలో ఖతి అక్కరలేదు. గీసే పని ఉండి, తెలుగువారికి ఇవ్వవలసిన పత్రం గీసేటప్పుడు మాత్రం తెలుగు ఖతిని బరువని అనకూడదు. ఒక తెలుగు ఖతి సాధారణంగా ఒక మెగాబైటు దాటదు. పిల్ల పేరు ఆ మాత్రం బరువు చేయదా?

ఇంతకూ సామగ్రి లేక ఆగిన పని కాదిది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన, వేమన ఖతులు మనకు ఏనాటి నుంచో తెలుసు. డెబియన్ భాండారంలో తెలుగు ఖతులకు ‘ఫాంట్స్-తెలు’ అని పొట్లమే ఉంది. గురజాడ, గిడుగు, సూరన్న, ధూర్జటి పేర్లతో స్వేచ్ఛగా వాడుకోదగిన ఖతులున్నాయి. తేదీలూ వారాలూ తెలుగులో చూపడానికి లినక్సులో ‘టీఈ-ఐఎన్’ అనే స్థానికత అమరిక ఉంది. వీటిని పిలిచే పంక్తి మూసలో ఉండాలి, అంతే.

వర్ణక్రమం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పలక మీద దిద్దించిన వర్ణమాలలో ళ, ఱలు హ తరువాత వస్తాయి. యూనికోడు సంఖ్యల వరుసలో ర పక్కన ఱ, ల పక్కన ళ ఉంటాయి. ఆల్పైన్ మూసలోని మూల గ్రంథాలయానికి భాషల వారీగా క్రమం పెట్టడం తెలియదు, అది సంఖ్యల వరుసనే పాటిస్తుంది. ఒక నిఘంటువుకో గ్రంథాలయపు పట్టికకో ఏ క్రమం కావాలన్నది పండితులు ఆలోచించి తేల్చవలసిన విషయం. ఎవరూ తేల్చకపోతే మూసయే తేల్చేస్తుంది. అది తేల్చిందన్న సంగతి కూడా మనకు తెలియదు.

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని, అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ప్రకటించింది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు దేశమంతటా వినబడ్డాయి. సముద్రగర్భ తంతులు మా తీరానికి వస్తాయని కూడా చెప్పారు. మంచిదే, మా పిల్లలకు పని దొరికితే అంతకంటె కావలసిందేముంది? అయితే దీనివల్ల తెలుగుకు మేలు దానంతట అదే జరుగుతుందని కొందరు మిత్రులు సంబరపడుతున్నారు. అక్కడే నాకు పేచీ. క్లౌడంటే మేఘమే కావచ్చు, ఆ మేఘం మా ఊరి మీద కమ్మినంత మాత్రాన మా అక్షరం మీద వాన కురవదు. అడవివరంలో నడిచే పెట్టెలోనూ, అమెరికాలో నడిచే పెట్టెలోనూ ఉండేది మూసలో వ్రాసినదే. భవనం తెలుగు నేల మీద ఉండి, మూసలో తెలుగు లేకపోతే, సింహాచలం కొండ కిందనే కూర్చొని మన పేరును మనం డబ్బాలుగా చూసుకొంటాము.

మరి సాహిత్యం వాళ్ళం చేయగలిగింది ఏమిటి? పంక్తి వ్రాయడం ఇంజనీరు పని. ఆ పంక్తి సరిగా పని చేసిందో లేదో చెప్పగలిగిన కన్ను మనది. కంచరి పాత్ర చేసిన తరువాత వేలితో మోగించి చూస్తాడు, పగులుంటే నాదంలో తెలిసిపోతుంది. అట్లాగే మూస కట్టేటప్పుడు కొన్ని పరీక్షాపదాలను గీయించి చూసే ఏర్పాటు పెట్టవచ్చు. వాటిని సరైన రూపంతో సరిపోల్చి, తేడా వస్తే పెట్టె తయారవకుండా ఆపవచ్చునని మా మేనల్లుడు చెప్పాడు. ఏ పదాలు పెట్టాలో ఇంజనీరుకు తెలియదు. ‘అమ్మ, ఆవు’ పెట్టి సరిపోయిందనుకొంటాడు. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, దుఃఖం, వాఙ్మయం, హ్రస్వం, కార్త్స్న్యం, ఋణం, ఱంపం, అరసున్నతో ‘వాఁడు’ — ఇవన్నీ సరిగా పలికిన మూస తెలుగును మోయగలదు. ఇందులో ఒక్కటి విరిగినా మూసను మళ్ళీ కట్టవలసిందే.

మరొక విన్నపం. మూసలో ప్రతి పంక్తికీ పైన వేరే పంక్తిగా వ్యాఖ్య వ్రాసుకొనే వీలుంది. ‘ఈ ఖతి ఎందుకు పెట్టాము, తీసివేస్తే ఏమవుతుంది’ అన్నది అక్కడ తెలుగులోనే వ్రాయండి. వ్యాఖ్యానం లేని పంక్తిని తరువాత వచ్చినవాడు అనవసరమని కొట్టివేస్తాడు. వ్యాఖ్యానం విలువ కావ్యాలు చదివిన మనకు వేరే చెప్పాలా?

నా వంతుగా అటువంటి పరీక్షాపదాలు ఏరడం మొదలుపెట్టాను, ఇప్పటికి అరవై దాకా వచ్చాయి. మీ కంటబడిన విరిగిన పదాలు, డబ్బాలుగా మారిన పేర్లు, ఒత్తులు జారిన బోర్డులు ఉంటే వ్యాఖ్యలలో వ్రాయండి. మీలో క్లౌడు పని తెలిసినవారు ఎవరైనా ఈ పట్టికను ఒక మూసలో పెట్టి, ఎవరైనా తీసుకొని వాడుకొనేటట్లు అందరి ముందూ ఉంచితే, పద్యం అప్పజెప్పిన ఆ పాప పత్రాన్ని మళ్ళీ అచ్చు వేయించి నేనే తీసికొనివెళ్ళి ఇస్తాను.